బిల్లు మీద ఎవరి పేరు

నంద్యాలలో మా ఇంటి గేటు పక్కన గోడలో ఒక నల్లరాతి పలక ఉంది. పైన ఇంటిపేరు, దాని కింద నా పేరు, నా భార్య పేరు. నా భార్య పోయి చాలా కాలమైంది. అయినా ఆమె పేరు కూడా ఉండాల్సిందేనని పట్టుబట్టింది పలక చెక్కిన అమ్మాయే. ఆళ్లగడ్డలో ఉన్న మా చెల్లెలి మనవరాలు.

ఆ అమ్మాయి తండ్రి, అంటే నా మేనల్లుడు, విగ్రహాలు చెక్కే షెడ్డులో పాలిష్ పని చేస్తాడు. పెద్ద బండలను కోసి విగ్రహాలు చేయగా మిగిలిన ముక్కలు షెడ్డు వెనక గుట్టగా పడి ఉంటాయి. వాటినెవరూ పట్టించుకోరు. బడిలో చదివే రోజుల్లో తండ్రికి సద్ది తీసుకుపోయినప్పుడల్లా ఆ అమ్మాయి ఒక ముక్క ఏరుకుని, పాత ఉలి ఒకటి పట్టుకుని అక్షరాలు చెక్కుతూ కూర్చునేది. విగ్రహాలు చేసే పెద్ద పనివాళ్లు కూడా అక్షరాల దగ్గరికొచ్చేసరికి ఆమెనే పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇంటర్ అయిపోయింది. దసరా దాటితేగాని పద్దెనిమిది నిండవు.

ఆ పలక గోడకెక్కిన నెలకే, మా వీధి చివర అపార్ట్‌మెంటు కడుతున్న బిల్డరు మా గేటు ముందు కారు ఆపాడు. అక్షరాలను వేలితో తడిమి చూశాడు. ఎవరు చేశారని అడిగితే గర్వంగానే చెప్పాను. అమ్మాయి ఫోను నంబరు కూడా ఇచ్చాను. తన అపార్ట్‌మెంటులోని ప్రతి ఇంటి గుమ్మం పక్కనా అలాంటి పలకే పెట్టించాలని ఆయనకు తోచింది. నేను లోపలికి వచ్చి ఆ సంగతి డైరీలో రాసుకుని, శుభవార్త అని కింద గీత గీశాను. ఆ తర్వాత రెండు నెలల పాటు నాకు మనసు నిలకడగా ఉన్న రోజు లేదు.

మొదట వచ్చినవాడు ఆ బిల్డరు దగ్గర లెక్కలు చూసే మనిషి. పొద్దున్నే స్కూటరు దిగి, గేటు తీయకుండా బయటి నుంచే మాట్లాడాడు.

"పెద్దాయనా, ఆ పాప జీఎస్టీ నంబరు కావల్ల."

"ఆ పాపకి యాడిదప్పా జీఎస్టీ? ఇంకా పద్దెనిమిదేండ్లు నిండలే."

"మరి బిల్లెవరిస్తారు? బిల్లు లేకుండా సరుకు దించుకుంటే మా ఆడిటరు నా నెత్తిన కూచుంటాడు. కర్నూల్లో లేజరు మిషనోడు ఉండాడు. కంప్యూటర్లో పేరు కొడితే పలక బయటికొస్తాది. బిల్లు వానికి పెద్ద పని కాదు."

"ఈ పాప చేతిపని వేరు."

"వేరే లే, నేను కాదన్నానా? మా ఓనరుకు ఆ పాప పనే నచ్చింది. నాకు మాత్రం బిల్లు నచ్చల్ల. శ్రావణంలో అందరూ పాలు పొంగిచ్చుకుంటాండారు. ఆషాఢం పోయ్యేలోపల పలకలు, బిల్లు రెండూ నా ముందర ఉండల్ల."

ఉద్యోగమంతా నేను కాలువ ఆఫీసులో చేశాను. కాగితం లేకుండా అక్కడ తూము తలుపు కూడా లేచేది కాదు. కాబట్టి ఆయన అడిగిన దాంట్లో తప్పు కనిపించలేదు. కాని ఏ కాగితం కావాలో, మైనరు పిల్లకు అది ఇస్తారో ఇవ్వరో, ఇస్తే ఎవరు సంతకం పెట్టాలో నాకు తెలియదు. తెలియని కాగితమంటే నాకు మొదటి నుంచీ కాలు నిలవదు. మరుసటి రోజే ఆళ్లగడ్డ బస్సెక్కాను.

శిరివెళ్ల దాటేదాకా మనసులో ప్రశ్నలు వరుస పెట్టుకుంటూనే ఉన్నాను. ఆళ్లగడ్డలో దిగగానే కోత మిషన్ల రొద. ఆ రొదలో ఎవరి ఆలోచన వాళ్లకే వినపడదు. షెడ్డు వెనక రేకుల పంచలో అమ్మాయి ముక్కుకు చున్నీ చుట్టుకుని కూర్చుని ఉంది. కనుబొమ్మలు, చెవులు రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. పక్కన గోడకు ఆనించి అప్పుడే చెక్కిన పలకలు.

"మొదలుపెట్టేసినావా పాపా? ఇంకా బిల్లు సంగతి తేలనే లేదు."

"బిల్లు తేలేదాకా రాయి కూచుంటాది గాని, ఆషాఢం కూచోదు గదా తాతా." చున్నీ కిందికి లాగి నవ్వింది. "ఇంట్లోకి పోదాం పా. నాయనమ్మతో నువ్వే మాట్లాడల్ల. నా మాట యాడ ఇంటాది?"

ఇంట్లో మా చెల్లెలు నాకు మజ్జిగ చేతికిచ్చి, నేను తాగేలోపే మొదలుపెట్టింది.

"అన్నా, నువ్వేమైనా చెప్పు. ఈ ఇంట్లో జీఎస్టీ అనే మాట మాత్రం ఎత్తొద్దు."

"ఏంటికి మే?"

"ఎదురింటామె సంగతి తెలుసు గదా నీకు. కొడుకు లోను కోసమని ఇన్‌కం ట్యాక్సు కాగితమేదో ఏసినాడు. ఒక్క రూపాయి ట్యాక్సు కట్టలేదంట. మూణ్నెల్లకి బియ్యం కార్డు పాయె, ఆమె పింఛను పాయె. ఇప్పుడు ఆ పిల్లోడు లోనూ కట్టల్ల, అమ్మకు మాత్రలూ తేవల్ల. దీని రాళ్ల కోసం నా పింఛను పోగొట్టుకోమంటావా?"

మా చెల్లెలికి వితంతు పింఛను వస్తుంది. ఇంట్లో ఎవరైనా ఆదాయపు పన్ను కట్టేవాళ్లుంటే కార్డు, పింఛను పోతాయని ఆ వీధిలో అందరికీ తెలుసు. పన్ను కట్టడానికీ, పన్ను రాకపోయినా లెక్క చూపించడానికీ తేడా ఉందా లేదా అన్నది మాత్రం ఎవరికీ తెలియదు. ఆ తేడా తెలియకపోవడం వల్ల, పాన్ కార్డు అన్నా జీఎస్టీ అన్నా వాళ్లకు ఒకటే. గవర్నమెంటు కంప్యూటర్లో ఇంటి పేరు పడితే ఇల్లు మునుగుతుందని ఒకటే భయం.

మేనల్లుడు చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన గడప మీద కూర్చున్నాడు.

"మామా, ఒక మాట చెప్తా. కోపం చేసుకోవద్దు. నీ పేరు మీద పెట్టు."

"నా పేరు మీదనా?"

"నీకు ఎట్లాగూ పెన్షన్ వస్తాంది, ట్యాక్సు లెక్కలన్నీ ఏడాదేడాది చూపిస్తానే ఉంటావు. నీకు పోయ్యే కార్డేం లేదు. పంచాంగమాయన కూడా చూసినాడు. పెద్దోళ్ల పేరు బలం ఉండాది, ఆ పేరు మీద పెడితే యాపారం నిలబడతాది అన్నాడు."

మా వైపు ఏ కొట్టు పెట్టినా పేరు బలం చూడటం ఉన్నదే. నడిపేవాడు ఒకడు, బోర్డు మీద పేరు ఇంకొకడిది. అన్న కొట్టు తమ్ముడి పేరు మీద, భర్త కొట్టు భార్య పేరు మీద నడుస్తుంటాయి. అందులో ఎవరికీ వింతేమీ కనిపించదు.

అమ్మాయి తలుపు దగ్గర నిలబడి వింటోంది.

"ఆ అయ్యవారికి తాత పేరు చెప్పిచ్చింది నువ్వే గదా నాయనా?"

"నీకేం తెలుసే? నోరు మూసుకో."

"మూసుకుంటాలే. ఒక్కటి చెప్పు. పలకల మీద ఎవరెవరి పేర్లో చెక్కేది నేను. నీళ్లలో నానబెట్టి పొడి కడిగేది నేను. బిల్లు మీద మాత్రం తాత పేరా? రేపు ఎవరైనా బాగుందంటే ఎవరికి ఫోన్ చేస్తారు? తాతకి. తాత ఉలి పడతాడా?"

"పడితే బొటనవేలు మిగలదు" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం నేను అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అదే మథనపడ్డాను. అందరికీ తేలికైన దారి అదే. నా కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఉద్యోగం మానేశాక మళ్లీ ఒక కాగితం మీద నా పేరు కింద ఏదో వృత్తి రాసుకోవచ్చన్న ఆలోచన కూడా కాసేపు బాగానే అనిపించింది. కాని ఆ రాబడి నాది కాదు. నాదని రాసి సంతకం పెడితే, ఆ అబద్ధం ఏడాదేడాది నాతో పాటు పెరుగుతుంది. నేను పోతే? అప్పుడా పిల్ల ఎవరి వ్యాపారం చేసినట్టు? బస్సు శిరివెళ్లలో ఆగినప్పుడు దిగి వెనక్కి పోయి, నా పేరు వద్దని చెప్పి రావాలనిపించింది. దిగలేదు. నంద్యాల చేరాక ఇంటికి పోకుండా, బస్టాండు నుంచి నేరుగా ఒక ఆడిటరు ఆఫీసుకు నడిచాను.

ఆడిటరు ముప్పై దాటీ దాటని ఆమె. బల్ల మీద ఫైళ్లు, వాటి మీద టీ గ్లాసు, గ్లాసు మీద ఫోను. నేను మొదటి నుంచి చెప్పడం మొదలుపెడితే చేత్తో ఆపింది.

"సార్, పాప ఏం అమ్ముతోంది, ఎక్కడ అమ్ముతోంది, ఏడాదికి ఎంత అమ్ముతుంది? ఈ మూడు చెప్పండి చాలు."

చెప్పాను.

"సరుకు అమ్మకం. మన రాష్ట్రంలోనే. నలభై లక్షల పరిమితి దరిదాపుల్లో కూడా లేదు. జీఎస్టీ అవసరం లేదు సార్."

"వాళ్లు నంబరు కావాలంటున్నారు."

"అడుగుతారు. వాళ్లకు అలవాటు. నంబరు లేనివాళ్లు మామూలు బిల్లు ఇవ్వొచ్చు. పన్ను వేయకూడదు, అంతే. కావాలంటే వాళ్ల ఆడిటరును నాతో మాట్లాడమనండి. అవసరం లేకుండా నంబరు తీసుకుంటే మాత్రం, అమ్మినా అమ్మకపోయినా రిటర్నులు వేస్తూనే ఉండాలి. మర్చిపోతే ఫైన్. అలా నా దగ్గరికి ఏడుస్తూ వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు."

"మరి ఆదాయం? మైనరు ఆదాయం తండ్రి ఆదాయంలో కలుపుతారని విన్నాను."

"డబ్బు బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీలాంటిదైతే కలుపుతారు. సొంత చేతిపనితో, నేర్పుతో పిల్లలు సంపాదించింది పిల్లలదే. తండ్రిదాంట్లో కలవదు. ఇంత ఆదాయానికి పన్నూ రాదు. పాప పేరు మీద పాన్ తీసుకోండి. మైనరు కాబట్టి తండ్రి గార్డియన్‌గా సంతకం పెట్టాలి. బిల్లు మీద కూడా అంతే. పాప పేరు, కింద గార్డియన్ సంతకం."

నాకు సగం ప్రాణం లేచి వచ్చింది. చివరి ప్రశ్న అడిగాను. దీనివల్ల నాయనమ్మ పింఛనుకు ఏమైనా అవుతుందా?

ఆమె ఫోను తీసి ఎవరికో వస్తున్నానని చెప్పి, నా వైపు చూసింది. "అవకూడదు సార్. పన్నే లేనప్పుడు పన్ను కట్టేవాళ్లు ఎలా అవుతారు? కాని ఏ లిస్టులో ఎవరి పేరు ఎందుకు పడుతుందో నేను చెప్పలేను. అది వాళ్ల వార్డు సచివాలయంలో అడగండి."

అవదు అని ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణి. అవకూడదు అంది.

సచివాలయంలో అడగడమంటే నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. తెల్ల కాగితం మీద అర్జీ రాశాను. ఫలానా కుటుంబంలోని మైనరు బాలిక చేతివృత్తి ద్వారా స్వల్ప ఆదాయం పొందినచో, అదే కుటుంబంలోని వృద్ధురాలి పింఛనుపై ప్రభావం ఉండునా లేదా అన్న విషయం రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థన. రెండు నకళ్లు తీసుకుని మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లాను. ఆడిటరు చెప్పింది ఇంట్లో అందరికీ వివరించాను. అమ్మాయి ముఖం వెలిగింది. తర్వాత అర్జీ తీశాను.

మా చెల్లెలు చదువుకోలేదు. మనవరాలితో చదివించుకుని, కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఇది ఇస్తావా వాళ్లకి?"

"ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకుంటా. రేపు ఏదైనా తేడా వస్తే మన దగ్గర ఆధారం ఉంటాది."

"నువ్వు కాలువ ఆఫీసులో పని చేసినావా, ఇంకేమన్నా చేసినావా అన్నా? దొంగ ఈదిలో పోతాంటే మా ఇంటికి తాళం ఉండాదా లేదా చూసి చెప్పప్పా అని పిలిచినట్టుండాది." అర్జీని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా కింద దూర్చింది. "అడిగినామంటేనే అనుమానం వస్తాది. రాసిచ్చినామంటే ఇంక అంతే."

"అడక్కుంటే ఎట్లా తెలుస్తాది?"

"తెలీకుండానే ఇంతకాలం బతకలేదా?"

ఆమె మాట విని ఊరుకుని ఉండాల్సింది. నా తీరు అది కాదు. రాసి ఇవ్వను, నోటి మాటగా అడుగుతాను, ఎవరి సంగతో చెప్పను అనుకుని, బస్టాండుకు పోయే దారిలో సచివాలయంలోకి అడుగుపెట్టాను. అక్కడున్న కుర్రాడు మంచివాడే. నా వయసు చూసి కుర్చీ వేశాడు. ఎవరి సంగతో చెప్పకుండా అడిగితే, "ఊరికే చెప్పేదానికి కాదు పెద్దాయనా, కేసు చూడల్ల. కార్డు నంబరు చెప్పండి" అన్నాడు.

నా చొక్కా జేబులో మేనల్లుడి ఇంటి కార్డు నంబరు రాసుకున్న చీటీ ఉంది. ఏదైనా పని మీద బయలుదేరితే సంబంధించిన నంబర్లన్నీ రాసుకుని పోవడం నా అలవాటు. చీటీ తీసి చదివాను. అతను కంప్యూటర్లో టకటకా కొట్టాడు.

"ఇప్పటికైతే ఏం లేదు. అంతా పచ్చగానే ఉండాది."

"ఇకముందు?"

"ఇకముందు సంగతి మా చేతిలో ఉండదు. లిస్టు పైనుంచి వస్తాది. మేము చూసేదే, మార్చేది కాదు."

బయటికి వచ్చాక గాని నేను చేసిన పని నాకు అర్థం కాలేదు. దాచిపెట్టడం చేతగాక ఫోన్ చేసి మేనల్లుడికి చెప్పాను. అతను "నంబరు కొట్టి చూసినాడా?" అన్నాడు.

"చూసినాడు. ఏం లేదన్నాడు."

"చూసినాడంటే యాడో ఒకచోట పడుంటాది గదా మామా. ఎవరు చూసినారు, ఏంటికి చూసినారు అని. ఎదురింటోళ్లది కూడా అట్లనే, పోయి అడిగినాకనే పోయింది."

అలా ఉండదని చెప్పాను. చెప్పేటప్పుడే నా గొంతులో నమ్మకం లేదు. మా చెల్లెలు ఫోను అందుకోలేదు. పాన్ కార్డు దరఖాస్తు మీద సంతకం పెట్టనన్నాడు మేనల్లుడు. ఒకటో తేదీ రానీ, పింఛను వస్తుందో లేదో చూసి పెడతానన్నాడు. ఒకటో తేదీ దాకా ఆగితే ఆషాఢం అయిపోతుంది.

ఆ రోజుల డైరీ ఇప్పుడు తిరగేస్తే నాకే చిరాకు వేస్తుంది. గేటు దాకా పోయాను, వచ్చాను. వీధి చివరిదాకా పోయాను, అపార్ట్‌మెంటుకు రంగులు వేస్తున్నారు, వచ్చాను. అపార్ట్‌మెంటు మెట్ల మీద లెక్కల మనిషి కనిపిస్తాడేమోనని కుందూ నది వైపు నుంచి చుట్టు తిరిగి ఇంటికి వచ్చాను. చివరికి ఆయనే దొరకబుచ్చుకున్నాడు.

"ఏమాయె పెద్దాయనా? లేజరోడు పొద్దున కూడా ఫోన్ చేసినాడు."

"రెండు రోజులు ఆగప్పా."

"రెండు రోజులే. మూడోరోజు నేను ఆగినా ఆషాఢం ఆగదు."

ఆ మాటే పట్టుకుని మళ్లీ ఆళ్లగడ్డ పోయాను. ఈసారి షెడ్డు వెనక ఉలి చప్పుడు లేదు. అమ్మాయి ఇంట్లో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. ఉలులు కడిగి, గుడ్డలో చుట్టి కిటికీలో పెట్టింది.

"వాళ్లకు చెప్పేయ్ తాతా. లేజరోనికి ఇయ్యమను."

"ఇంత చెక్కినాక?"

"చెక్కినేటివి యాడికి పోతాయి? వెనక్కి తిప్పి చెక్కితే ఇంకొకరికి పనికొస్తాయి." తల ఎత్తకుండా చిక్కుళ్లు ఒలుస్తూనే అంది. "నాయనమ్మ నెలనెలా ఆ దుడ్లు చేతిలోకి తీసుకున్నప్పుడు ఎట్లుంటాదో నువ్వు చూల్లేదు. నేను చూసినా. దసరా దాటినాక నా సంతకం నేనే పెట్టుకుంటా. ఇప్పుడు వద్దులే."

దసరా దాటినా ఆమె ఆ ఇంట్లోనే, ఆ కార్డులోనే ఉంటుంది. ఆ భయం అప్పుడూ ఇలాగే ఉంటుంది. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

లోపలి గదిలో పడుకుని ఉన్న మా చెల్లెలు లేచి వచ్చింది. నాతో మాట్లాడలేదు. కిటికీలో చుట్టి పెట్టిన గుడ్డను చూసింది.

"అవి ఏంటికి ఈడ పెట్టినావే?"

"పని లేదు నాయనమ్మా."

"ఏం, చాతగాలేదా?"

అమ్మాయి ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. మా చెల్లెలు గడప మీద కూర్చుంది. వీధి వైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది.

"పింఛను దుడ్లు దుడ్లే. లేకుంటే వీడు పెట్టడా రెండు ముద్దలు? పెడతాడు. అది కాదు నాకు. ఇల్లు మీ బావ పేరు మీద ఉన్నె, ఇప్పుడు వీని పేరు మీద ఉండాది. కరెంటు బిల్లు ఇప్పటికీ పోయినాయన పేరు మీదే వస్తాంది. కార్డు మీద వీని పేరు. పింఛనిచ్చే పిల్లోడు ఒకటో తేదీ తెల్లారి వచ్చి, గడప ముందర నిలబడి గట్టిగా నా పేరు పిలుస్తాడు. ఈదంతా ఇంటాది. నా పేరు పెట్టి పిలిచి ఇచ్చేది ఇదొక్కటే. అది కూడా మీ బావ పోయినాక గాని రాలే." చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడవడం లేదు, ఉక్కపోతకే. "రేయ్, యాడుండావు?"

మేనల్లుడు పెరట్లోంచి వచ్చాడు.

"ఆ కాగితమేందో తెచ్చి సంతకం పెట్టు."

"మా, ఒకటో తేదీ…"

"పెట్టురా. పోతే పోతాది. దీనికి కూడా మొగుడు పోయ్యేదాకా ఆగల్లనా?"

నా మేనల్లుడి ముఖం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. బీరువాలోంచి దరఖాస్తు తెచ్చాడు. నేను చూపించిన చోట సంతకం పెట్టాడు. సంతకం గీత దాటింది. ఇంకో కాగితం మీద పెట్టమనబోయి ఊరుకున్నాను.

"ఏమ్మే, నువ్వు దీనికి నాయనమ్మవా, వకీలువా?" అన్నాను.

"నువ్వు మాట్లాడొద్దు" అంది చెల్లెలు. "నంబరు చెప్పొచ్చిన మొగోడివి." అయినా మాట్లాడింది.

బిల్లు పుస్తకం నేనే నంద్యాలలో కొన్నాను. పైన దుకాణం పేరు రాసే చోట ఏం రాయాలని అమ్మాయి అడిగితే, నీ పేరు రాయి చాలన్నాను. అచ్చు వేయించే వ్యవధి లేదు. చేత్తోనే రాసింది. రాతి మీద అంత వంకర లేకుండా చెక్కే పిల్ల, కాగితం మీద రాసేటప్పుడు మూడు బిల్లులు పాడు చేసింది. కింద గార్డియన్ అని, తండ్రి సంతకం. పాన్ కార్డు ఇంకా రాలేదు కాబట్టి, దరఖాస్తు పెట్టినట్టు వచ్చిన రసీదు నకలు జత చేశాను.

పలకలను పాత దుప్పట్లలో చుట్టి ఆటోలో తెచ్చారు తండ్రీకూతుళ్లు. మా చెల్లెలు కూడా వచ్చింది. ఆమె నంద్యాల వచ్చి చాలా ఏళ్లయింది. లెక్కల మనిషి బిల్లును ఇటూ అటూ తిప్పాడు.

"ఇది చేత్తో రాసిన బిల్లు."

"పలకలు కూడా చేత్తోనే చేసింది" అన్నాను.

"నంబరు లేదు."

"అవసరం లేదు. మీ ఆడిటరుతో మాట్లాడటానికి మా ఆడిటరు ఒప్పుకుంది." నంబరు రాసిన చీటీ ఇచ్చాను. ఈ నంబరు చెప్పడానికి నాకు భయం లేకపోయింది.

ఆయన పక్కకు పోయి చాలాసేపు ఫోన్‌లో మాట్లాడాడు. మేమంతా ఆయన వీపునే చూస్తూ నిలబడ్డాం. అమ్మాయి చున్నీ కొసను వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది. తిరిగి వచ్చి, "ఈ పాప పేరేనా ఇది?" అని అడిగాడు.

"నాదే" అంది.

"చెక్కు ఈ పేరు మీదే రాయల్లనా? వాళ్ల నాయన పేరు మీద రాయల్లనా?"

"పాప పేరు మీద" అన్నాడు నా మేనల్లుడు, నేను నోరు తెరిచేలోపే. బడిలో స్కాలర్‌షిప్ కోసం తీసిన ఖాతా ఒకటి ఆమె పేరు మీద ఉంది. చెక్కు అందులో పడింది.

అంతటితో నాకు నెమ్మది కలగాల్సింది. కలగలేదు. ఒకటో తేదీ మిగిలి ఉంది.

ఆ తెల్లవారుజామున స్నానం చేసి, కాఫీ పెట్టుకుని, ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. పింఛను ఇచ్చే కుర్రాడు వాళ్ల వీధికి వెలుతురు రాకముందే వస్తాడని తెలుసు. వెలుతురు వచ్చింది. పాలు వచ్చాయి, పేపరు వచ్చింది. ఫోను రాలేదు. గేటు దాకా పోయి పలక మీది దుమ్ము తుడిచాను. మేనల్లుడికి చేస్తే ఎంగేజ్. మళ్లీ చేశాను. మళ్లీ ఎంగేజ్. చొక్కా వేసుకున్నాను, బస్టాండుకు పోదామని. చెప్పులు వేసుకుంటుంటే మోగింది. అమ్మాయి.

"తాతా, మిషను నాయనమ్మ వేలిముద్ర తీసుకుంటలేదు."

"తీసుకుంటలేదంటే? పేరు ఉండాదా లేదా?"

"తెలీదు. వేలు పడితే గాని పేరు రాదంట. మూడు మాట్లు పెట్టినాడు. పక్కీధికి పోయి మళ్లొస్తా, చెయ్యి కడుక్కోని ఉండమన్నాడు. నాయన బయట తిరుగుతాండాడు."

"వేలికి ఏమాయె?"

"నిన్నంతా నాతోపాటు కూచోని, ముందుకు పనికొస్తాయని కొత్త రాళ్లు రుద్దింది. వద్దంటే ఇన్లే. వేళ్లన్నీ గీసుకపోయినాయి."

కొబ్బరి నూనె రాసి గుడ్డతో తుడవమన్నాను. అది ఎందుకు చెప్పానో తెలియదు, ఏదో ఒకటి చెప్పాలి. ఫోను పెట్టకుండానే పట్టుకుని నిలబడ్డాను. అటు నుంచి గిన్నెల చప్పుడు, కోళ్లు, నీళ్లు పోసిన చప్పుడు. ఎవరో దగ్గారు. మా వీధిలో కూరగాయల బండి వచ్చి పోయింది. నా చెవి వేడెక్కింది. రెండో చెవికి మార్చుకున్నాను.

అప్పుడు, దూరంగా, ఆ కుర్రాడి గొంతు. గడప ముందు నిలబడి గట్టిగా పిలిచాడు. మా చెల్లెలి పేరు. ఇక్కడ నంద్యాలలో నిలబడిన నాకు కూడా వినపడింది.

కాసేపటికి ఆమె ఫోను తీసుకుంది.

"ఉండావా అన్నా?"

"ఉండా మే."

"వచ్చింది. ఎడమ చేతి వేలు తీసుకున్యాది."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. కాళ్లకు ఒక చెప్పే ఉంది.

"వచ్చే నెల ఎట్లనో?" అంది.

"తెలీదు."

"నీకు గూడా తెలీనిది ఉండాదా?" నవ్వింది. ఆ అర్జీ సంగతి తర్వాత ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. "ఉండు, ఇది ఏమో చెప్పల్లంటాంది."

అమ్మాయి ఫోను అందుకుని, ఇంకో ఇంటివాళ్లు పలక అడిగారని, గోస్పాడు నుంచని, బిల్లు పుస్తకంలో ఐదో నంబరు అని రాయాలా, పాడైన మూడింటినీ చింపేసి రెండో నంబరు అని రాయాలా అని అడిగింది.

"చింపొద్దు" అన్నాను. "అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి, అట్లనే పెట్టు. నేను పొద్దుటి బస్సుకు వస్తాండా. నేనొచ్చేదాకా ఏమీ రాయొద్దు."

"ఇప్పటికే రాసేసినా తాతా" అంది.